కుట్టు తెగలేదు

మా పిన్ని పోయింది. పోయిన మంగళవారం పొద్దున్న, గజపతినగరం రైలు గేటు పక్కనున్న తన కుట్టు దుకాణంలో, మిషను ముందు కూర్చునే పోయింది. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ సంచీలోంచి ఆది జాకెట్టు తీసి ఇచ్చేలోపు పిన్ని తల మిషను మీదికి వాలిపోయిందట. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే అయిపోయింది. గుండె అన్నారు. ఫోను వచ్చినప్పుడు నేను కాలేజీలో ఫస్టియర్ పిల్లలకి పాఠం చెబుతున్నాను. బోర్డు మీద సగం రాసిన సమీకరణం అలాగే వదిలేసి బస్సెక్కాను.

ఆ సాయంత్రం మా రాకెట్టు క్లబ్బు ఫోను గ్రూపులో ప్రెసిడెంటు గారి సందేశం వచ్చింది. "మన పారాచూట్ అమ్మ ఇక లేరు. మన రాకెట్ యాత్రలో ఆమె అందించిన సహకారం మరువలేనిది. చిన్న చిన్న లోపాలు ఎవరికైనా సహజం. ఆమె ఆత్మకు శాంతి కలగాలి." కింద వరసగా దణ్ణాల బొమ్మలు.

చిన్న చిన్న లోపాలు ఎవరికైనా సహజం. ఆ వాక్యం చదవగానే నా ఏడుపు ఆగిపోయింది. పిన్ని ఇంకా ఇంట్లోనే, చాప మీద ఉంది. నేను వీధి అరుగు మీద కూర్చుని ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు. దుఃఖానికి ఇంకా చోటు దొరకలేదు. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను. చదివేవాళ్లు నన్ను మన్నించనక్కర్లేదు, సంగతి తెలుసుకుంటే చాలు.

మా ఊళ్లో రాకెట్టు క్లబ్బు ఉందంటే బయటివాళ్లు నవ్వుతారు. ఓడల కర్మాగారంలో ఇంజనీరుగా చేసి రిటైరై వచ్చిన పెద్దాయన మా ప్రెసిడెంటు. ఆయన బావమరిది నేను పనిచేసే జూనియర్ కాలేజీకి కరస్పాండెంటు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు కావాలి. మా మేనత్త కొడుకు, నాకు బావ, వెల్డింగ్ షాపు నడుపుతాడు. లారీలకి రంగులేసే పెయింటరొకాయన ఉన్నాడు. నేను ఫిజిక్సు లెక్చరర్ని. ఇంకో నలుగురైదుగురు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. ఆదివారాలు కలిసి మోచేతి పొడవు అట్ట రాకెట్లు ఎగరేసుకునేవాళ్లం. అలా ఎగరేస్తూ ఎగరేస్తూ ఒకరోజు పెద్ద ఆశ పుట్టింది. శ్రీహరికోటలో ఎగిరే పెద్ద రాకెట్టుకి పదో వంతు నమూనా కట్టాలి. పద్నాలుగు అడుగుల పైచిలుకు ఎత్తు. నమూనా అంటే షోకేసులో పెట్టే బొమ్మ కాదు, నిజంగా ఎగరాలి. ఎగిరి, శిఖరానికి చేరాక ముక్కు ఊడి, గొట్టంలోంచి పారాచూటు బయటికొచ్చి విచ్చుకుని, మెల్లగా నేలకి దిగాలి.

మందు నింపిన మోటారు తెచ్చి బిగించే పనికి లైసెన్సులున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ బృందం ఒప్పుకుంది. అనుమతులకి నేనూ బావా ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాం. అన్నీ కుదిరాక పారాచూటు దగ్గర ఆగిపోయాం. బజార్లో దొరికేవి మా బరువు మోయవు. "మా పిన్ని కుడుతుంది సర్" అన్నాను.

"బ్లౌజులు కుట్టే ఆవిడా?" అన్నారు ప్రెసిడెంటు గారు, నవ్వుతూ.

పిన్ని జాకెట్లే కాదు, బడి యూనిఫాములు కుట్టేది, షామియానాలు కుట్టేది, చిరిగిన టార్పాలిన్లు బాగుచేసేది. ఏడో తరగతి వరకే చదువుకుంది. మేము వెళ్లినప్పుడు నోట్లో గుండుసూదులు పట్టుకుని అంచు మడుస్తోంది. చెప్పిందంతా విన్నాక సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది.

"ఎంత బరువు?"

"పాతిక కిలోల పైన."

"ఎంతెత్తు నుంచి పడతాది?"

"కొండంత ఎత్తు అనుకో పిన్నీ."

"కింద ఎవులుంటారు?"

ఎనిమిది నెలల్లో మేము ఒకళ్లనొకళ్లం అడగని ప్రశ్న అది. ఆఫీసుల్లో అడిగారు, కాయితం మీద రాసిచ్చాం, మర్చిపోయాం. "ఎవరూ ఉండరు, దూరంగా ఉంటారు" అన్నాను.

"దూరమంటే ఎంత? దూరమన్నది కొలత కాదే. అడుగుల్లో సెప్పు" అంది.

ప్రెసిడెంటు గారు గడియారం చూసుకున్నారు.

మొదట పాత గొడుగు ఒకటి విప్పి, దాని ముక్కల్ని నేల మీద పరుచుకుని రెండు రోజులు చూసింది. తర్వాత నాతో, "ఇదేటే, పెద్ద పావడాయే కదా. కలీలు కలిపి కుట్టడవే" అంది. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే ముక్కలు, పన్నెండు కలీలు కత్తిరించింది. మొదటిది కుట్టి, కింద ఇసక మూట కట్టి, రైసు మిల్లు మేడ మీంచి వదిలితే అది పిచ్చెక్కినట్టు అటూ ఇటూ ఊగిపోయి గోడకి కొట్టుకుంది. నడినెత్తిన కన్నం ఉంచాలని నేను పుస్తకంలో చదివాను. ముందే చెప్పాలని తట్టలేదు. చెప్పబోయేలోపు ఆవిడే కత్తెర తీసింది. "పావడాకి నడుం ఉంటాది కదా, దీనికీ ఎట్టాల. గాలికి దారియ్యాల. మనం ఇయ్యకపోతే అదే సూసుకుంటాది" అని నడినెత్తిన గుండ్రంగా కోసి అంచు కుట్టేసింది. ఆ తర్వాత పారాచూటు ఊగలేదు.

ఆవిడ దారం పరీక్ష చేసే పద్ధతొకటి చెప్పాలి. జానెడు దారం చెవి దగ్గర పట్టుకుని రెండు చేతులా లాగేది, తెగేదాకా. తెగిన చప్పుడు నచ్చకపోతే ఆ ఉండ మొత్తం పక్కన పడేసేది. "ఇది ముందు సాగి, అప్పుడు తెగతంది. నంగి దారం. మొకం మీద ఒకటి, కడుపులో ఒకటి" అనేది. మా క్లబ్బుకని ఎన్ని దారపుండలు పక్కన పెట్టిందో నేను చూశాను.

పారాచూటు లాగుడికి ఆగుతుందో లేదో చూడ్డానికి ఒకనాడు తెల్లవారుజామున, ఇంకా బళ్లు తిరగని కొత్త రోడ్డు మీదికి వెళ్లాం. బావ లగేజీ ఆటో నడిపాడు. పిన్ని వెనక తొట్టిలో నిలబడి, చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుంది. ఆటో వేగం అందుకున్నాక పారాచూటు వదిలింది. అది ఒక్కసారిగా విచ్చుకుని ఆటోని వెనక్కి లాగితే బావ హాండిల్ మీద పడబోయాడు.

"అత్తా, ఆపీమంటావేటి!"

"ఆపకురా అల్లుడా! ఇంకా బేగి పోనీ! కుట్లు సూడాల!"

నవ్వుతూ అరుస్తోంది. అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నలభై ఏళ్లు ఇతరుల ఒంటి కొలతల మీద వంగి పనిచేసిన మనిషి ఆ రోజు ఆటో వెనక నిటారుగా నిలబడి ఉంది.

ఎగరేసే ముందు రోజు పారాచూటు మడతపెట్టి గొట్టంలో సర్దింది. ఏ మడత తర్వాత ఏ మడతో గుడ్డ మీదే సుద్దముక్కతో అంకెలు వేసుకుంది. సర్దడం అయ్యాక గొట్టం మీద అరచేయి పెట్టి అందరి వైపూ చూసి అంది: "ఇందులో ఇంక సేతిరుమాలు కూడా పట్టదు. ఎవులూ ఏటీ ఎట్టకండి." ప్రెసిడెంటు గారు కూడా అక్కడే ఉన్నారు. విన్నారు.

మర్నాడు ఊరి బయట, కోతలైపోయిన పొలాల్లో పండగలా ఉంది. మూడు బడుల పిల్లలొచ్చారు. వాళ్లకి ఒక షామియానా, ముఖ్య అతిథికి ఒక షామియానా. రాకెట్టు దగ్గరికి వెళ్లాలంటే మెడలో కార్డుండాలి. కార్డు నాకుంది, బావకుంది, పెయింటరుకుంది, ముఖ్య అతిథి డ్రైవరుకి కూడా ఉంది. పిన్నికి ఎవరూ రాయలేదు. టెక్నికల్ టీము వరకే ఇచ్చామన్నారు. ఆవిడ తాడు అవతల, జనంలో నిలబడింది. నేను చూసి ఊరుకున్నాను. ఆ రోజు నేను ఊరుకున్న వాటిలో అది మొదటిది.

రెండోది గంట తర్వాత. ప్రెసిడెంటు గారు ఒక గుడ్డ బ్యానరు పట్టుకొచ్చారు. ముఖ్య అతిథి ఫొటో, స్వాగతం సుస్వాగతం. పారాచూటుతో పాటు ఆకాశంలో విచ్చుకోవాలట. "గొట్టం పట్టుకో అమ్మా" అన్నారు నాతో.

"సర్, పిన్ని వద్దంది. చోటు లేదంది."

"మీ పిన్ని ఇంజనీరా అమ్మా? నేను ముప్ఫయ్యేళ్లు ఓడలు కట్టాను. చారెడు గుడ్డకి రాకెట్ ఆగిపోతుందా?"

బావ అప్పటికి తీగలు బిగించడానికి ఆ చివరికి వెళ్లాడు. నేను గొట్టం పట్టుకున్నాను. ఆయన రెండు బొటనవేళ్లతో బ్యానరుని లోపలికి కుక్కారు. పిన్ని వేసుకున్న సుద్ద అంకెలు నలిగిపోవడం నాకు కనిపించింది. ఈ రెండు చేతులతోనే పట్టుకున్నాను.

రాకెట్టు లేచింది. అబద్ధం ఎందుకు, ఆ క్షణం నేనూ అన్నీ మర్చిపోయాను. తెల్లటి పొగ మీద కాలు మోపి, చెవులు గుయ్యిమనే హోరుతో, మేము రెండేళ్లు చేతులతో కట్టింది నిటారుగా ఆకాశంలోకి వెళ్లింది. పిల్లలు కేకలు వేశారు. పైన చిన్న చుక్కై ఆగింది. ముక్కు ఊడింది. చిన్న పొగ తునక కనిపించింది. దాని వెంట గొట్టం నోట్లోంచి ఏదో రంగు గుడ్డ బెత్తెడు బయటికొచ్చి ఇరుక్కుపోయింది. పారాచూటు రాలేదు.

పద్నాలుగడుగుల రాకెట్టు తలకిందులుగా దిగింది. ఆ చప్పుడు నాకు ఇంకా నిద్రలో వినిపిస్తుంది. పిల్లల షామియానాకి ముప్ఫై అడుగుల అవతల పొలంలో సగం దాకా దిగబడింది. మట్టి లేచి పిల్లల మీద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు అన్న మాట మేమందరం తర్వాత ఎన్నిసార్లు చెప్పుకున్నామో, అది మా గొప్పదనమన్నట్టు.

తాడు దాటుకుని మొదట పరిగెత్తింది పిన్ని. రాకెట్టు వైపు కాదు, షామియానా వైపు. పిల్లల్ని వరసగా తలలు తాకుతూ లెక్కపెట్టింది. రెండుసార్లు లెక్కపెట్టాకే రాకెట్టు దగ్గరికొచ్చింది.

అప్పటికి ప్రెసిడెంటు గారి ముందు మైకులున్నాయి. "ప్రయోగం నూటికి తొంభై శాతం విజయవంతం. పారాచూట్ కుట్టులో లోపం వల్ల ల్యాండింగ్ మాత్రం ఆశించినట్టు జరగలేదు. స్థానికంగా ఒక టైలరుతో కుట్టించాం. ఆమె శక్తికొద్దీ చేసింది" అన్నారు. ఆయన పక్కన నేను నిలబడి ఉన్నాను. మరుసటి రోజు పేపర్లో "కుట్టు లోపంతో కూలిన రాకెట్" అని పడింది. పక్కన ఫొటోలో నేను కూడా ఉన్నాను.

రాకెట్టు కూలిన రోజు సాయంత్రమే దుకాణానికి వెళ్లాను. పొలంలోంచి బావ తవ్వి తెచ్చిన పారాచూటుని పిన్ని దండెం మీద ఆరేసింది. బల్ల మీద ముఖ్య అతిథి బ్యానరుంది, ఉండలా నలిగిపోయి.

"ఇదేటే?"

నేను దండెం మీది తాళ్ల చిక్కు విడదీయడం మొదలుపెట్టాను.

"గొట్టంలోకి ఇదెలగొచ్చింది?"

"పిన్నీ…"

"నువ్వు సూసావు కదే."

అడగడం కాదు. చెప్పింది. నేను తలవంచుకుని కాలేజీ గురించి, కరస్పాండెంటు గారి గురించి ఏదో గొణిగాను. ఆవిడ చేత్తో ఆపింది. "నీ ఉజ్జోగం సంగతి నాకు తెలుసు. నానేటీ అడగను. వెళ్లు." మిషను వైపు తిరిగింది.

తర్వాతి ఆదివారం క్లబ్బు సమావేశానికి తనే వచ్చింది, పారాచూటుని బియ్యం సంచీలో పెట్టుకుని. కూర్చోమంటే కూర్చోలేదు. పారాచూటు నేల మీద పరిచి, "నలుగురు ఇటు, నలుగురు అటు పట్టుకోండి. లాగండి" అంది. మొహమాటంగా లాగారు. "అన్నం తిన్నేదేటి? లాగండి!" అని అరిచింది. బావ కాళ్లు నేలకి తన్నిపెట్టి లాగాడు. పర్రుమని చిరిగింది. అందరూ గుడ్డ వదిలేశారు. పిన్ని ఆ చిరుగు పట్టుకుని ఒక్కొక్కరి ముందుకీ వెళ్లి చూపించింది. నైలాను నడిమధ్యలో చిరిగింది. పక్కన కుట్టు కుట్టులాగే ఉంది.

"గుడ్డ సిరిగింది. కుట్టు తెగనేదు. కళ్లున్నోళ్లు సూడండి." సంచీలోంచి బ్యానరు తీసి ప్రెసిడెంటు గారి ముందు పెట్టింది. "ఇది గొట్టంలో దొరికింది. పేపరోళ్లకి ఇది సెప్పండి. నా పేరు కోసం కాదు బాబూ. కుట్టు మీద తోసేస్తే, రేపు ఇంకోడెవుడో ఇంకో గొట్టంలో ఇంకోటి కుక్కుతాడు. అప్పుడు ముప్పై అడుగులవతల పడదు. పిల్లల మీద పడతాది."

ప్రెసిడెంటు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "అమ్మా, మీరంటే మాకెంతో గౌరవం. జరిగిందేదో జరిగిపోయింది. ఇప్పుడు మళ్లీ కదిపితే క్లబ్బుకి చెడ్డపేరు. తర్వాత అనుమతులు కూడా రావు. టీ తాగండి."

పిన్ని నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేదాన్నేమో అని చాలాకాలం అనుకున్నాను. అది కూడా అబద్ధమే. ఆవిడ టీ తాగకుండా పారాచూటు మడత పెట్టుకుని వెళ్లిపోయింది. మేము టీ తాగాం.

ఊరు ఊరుకోదు కదా. "రాకెట్టు కుట్టు కుట్టకు పిన్నీ, పెళ్లిలో ఊడిపోతాది" అని వేళాకోళం. అలా అన్నవాళ్ల గుడ్డ వాళ్లకి అప్పుడే తిరిగిచ్చేసేది. "అయితే ఇంకో సోట కుట్టించుకో." నవ్వేది కాదు, దెబ్బలాడేది కాదు. నాతో మూడు నెలలు మాట్లాడలేదు. జాకెట్టు గుడ్డ ఇచ్చి వస్తే కుట్టి పంపేది. ఎక్కడా నూలువాసి తేడా ఉండేది కాదు. అది వేసుకుని కాలేజీకి వెళ్లాలంటే ఒళ్లంతా మండేది.

ఆఖరికి జరిగినదంతా కాయితం మీద రాసి, సంతకం పెట్టి పట్టుకెళ్లాను. చదివి మడిచి నాకే ఇచ్చింది.

"ఇది నాకెందుకే? నాకు తెలుసు కదా. తెలీనోళ్లకి ఇయ్యి."

ఇవ్వలేదు. క్లబ్బు మానేస్తానన్నాను. "మానేస్తే ఏటొస్తాది?" అంది. "మళ్లీ కట్టండి. ఈపాలి సరిగ్గా ఎగరెయ్యండి." నాతో మళ్లీ మాట్లాడటం ఆ మాటతోనే మొదలుపెట్టింది. అలా రెండో రాకెట్టు పనిలోకి నేనూ బావా పెయింటరూ దిగాం. దాని సంగతి చివర చెబుతాను. అది ఎగిరిందని గ్రూపులో పెడితే ప్రెసిడెంటు గారు ఒక బొటనవేలి బొమ్మ పెట్టారు.

నిన్న ఆదివారం క్లబ్బు గదిలో సంతాప సభ జరిగింది. పిన్ని ఫొటోకి పెద్ద దండ వేశారు. ముందు వరసలో కరస్పాండెంటు గారు. ప్రెసిడెంటు గారు పది నిమిషాలు మాట్లాడారు. నిరాడంబరత అన్నారు, సేవ అన్నారు, చదువు లేకపోయినా అన్నారు. తర్వాత బంధువుల తరఫున రెండు మాటలు చెప్పమని నన్ను పిలిచారు.

నా సంచీలో ఆ కాయితం ఉంది. రెండేళ్లుగా అక్కడే ఉంది. తీసి చదివాను. బ్యానరు ఎవరు తెచ్చారో, ఎవరు కుక్కారో, గొట్టం ఎవరు పట్టుకున్నారో, ఆ తర్వాత ఎవరెవరు టీ తాగారో.

"ఇప్పుడివన్నీ ఎందుకమ్మా?" అన్నారు ప్రెసిడెంటు గారు మెల్లగా. "ఆవిడ పెద్దమనసుతో ఎప్పుడో క్షమించేసింది."

"లేదు సర్. ఆవిడ క్షమించలేదు. మీరు అడగలేదు."

వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. ఆ రోజు పిల్లల్ని తీసుకొచ్చిన బడుల్లో ఒకదానికి హెడ్‌మిస్ట్రెస్. "ఆ రోజు నా పిల్లలు డెబ్భైమంది ఆ షామియానాలో కూకున్నారు" అంది. చేతిలో కర్చీఫు నలుపుతోంది. "రెండేళ్ల నుంచీ ఆ తల్లిని తిట్టుకుంటన్నాను నేను. ఆవిడ దుకాణం ముందునుంచే బడికెళ్తాను. ఒక్కసారి పలకరించినేదు." తర్వాత ప్రెసిడెంటు గారి వైపు తిరిగింది. "మరి మీరు నిన్నటి వరకూ మా బడికొచ్చి, మళ్లీ ఎగరేస్తాం పిల్లల్ని పంపండని అడగతన్నారే. ఏ మొకం ఎట్టుకుని అడిగారండీ?"

పిన్ని ఆ ఆదివారం చెప్పింది ఇదే. కుట్టు మీద తోసేస్తే ఇంకోసారి జరుగుతుందని. మాలో ఎవరికీ అర్థం కాలేదని నేననను. అర్థమైంది. అయినా టీ తాగాం.

ప్రెసిడెంటు గారు సభ ముగిసిందనలేదు. లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయారు. కాయితం నకలు ఆ పేపరుకి పంపాను. వేస్తారో వేయరో. కరస్పాండెంటు గారు రేపు గదికి వచ్చి కలవమన్నారు. కలుస్తాను. ఇది ధైర్యం అని ఎవరైనా అంటే మాత్రం నాకు కోపం వస్తుంది. బతికున్న మనిషికి ఇవ్వాల్సినది ఫొటో ముందు చదివాను. ఆవిడ మీద కూడా కోపమే. ఇంకొక్క ఏడాది ఉండి ఉంటే ఏం పోయింది?

ఇంక రెండో రాకెట్టు ఎగిరిన నౌపడ ఉప్పుమళ్ల సంగతి.

పోయిన చలికాలం, ఉప్పు పనులు ఇంకా మొదలుకాని రోజులు. మళ్లలో వాన నీళ్లు నిలిచి, కనుచూపు మేర బల్లపరుపుగా, ఒక్క చెట్టు, ఒక్క ఇల్లు లేకుండా ఉంటుంది అక్కడ. బావ అత్తవారి వైపు బంధువు ఒకాయన ఆ మళ్లు చూసుకుంటాడు, సరేనన్నాడు. అనుమతులు మళ్లీ నేనే తెచ్చాను. మోటారుతో అదే కాలేజీ బృందం వచ్చింది. పొద్దున్నే దిగాం. ముఖ్య అతిథి లేడు, మైకు లేదు. మళ్లలో పనిచేసేవాళ్లు పదిహేను మంది ఆడవాళ్లూ మగవాళ్లూ గట్టు మీద చేరారు.

పిన్ని గజానికో ముడి వేసిన తాడు తెచ్చింది. రాకెట్టు స్టాండు నుంచి గట్టు దాకా తాడుతో కొలుచుకుంటూ బురదలో నడిచింది. చాలదని జనాన్ని ఇంకా వెనక్కి, అవతలి గట్టుకి పంపింది. ఎవరూ గొణగలేదు. తర్వాత గొట్టం మూసేముందు నాకు పెన్ను ఇచ్చింది. "లోపల ఏటేటి ఉన్నాదో రాయి." రాశాను. పారాచూటు, తాళ్లు, వాటిని కలిపే కడియం. "ఇంకేటి?" "ఇంకేం లేదు పిన్నీ." "అది కూడా రాయి, ఇంకేటీ నేదని." అది కూడా రాసి నేను సంతకం పెట్టాను, బావ పెట్టాడు, ఆవిడ పెట్టింది.

రాకెట్టు లేచింది. పైన ముక్కు ఊడింది. పిన్ని కొత్తగా కుట్టిన పన్నెండు కలీలు ఎర్రగా, పసుపుగా ఒక్కసారి విచ్చుకున్నాయి. గట్టు మీద ఆడవాళ్లు "ఓలమ్మో" అని నోళ్ల మీద చేతులు పెట్టుకున్నారు. అది తొందర లేకుండా, ఊగకుండా దిగింది. బావ ఏడుస్తున్నాడు, పెయింటరు ఈలలేస్తున్నాడు. నేను పిన్ని కోసం చూస్తే పక్కన లేదు. అప్పటికే మడిలోకి దిగి రాకెట్టు పడిన చోటికి నడుస్తోంది.

నీళ్ల మీద పరుచుకున్న గుడ్డని అంచు పట్టి లేపింది. పిక్కల్లోతు నీళ్లలో నిలబడి, బరువుగా తడిసిన పారాచూటుని భుజం మీద వేసుకుని, ఒక్కో కుట్టూ బొటనవేలితో తడుముతూ చూడటం మొదలుపెట్టింది.

"అత్తా! ఫొటో తీస్తన్నాను, ఇటు సూడు!" బావ గట్టు మీంచి అరిచాడు.

"ఆగరా," అంది తలెత్తకుండా. "ఇంకా నాలుగు కలీలున్నాయి."

మేము గట్టు మీద నిలబడ్డాం. ఎండ పైకొచ్చి నీళ్లు మెరుస్తున్నాయి. గుడ్డలోంచి కారే నీళ్లు ఆవిడ వీపు మీదుగా, మోచేతుల మీదుగా జారి మళ్లో పడుతున్నాయి. ఆవిడ బొటనవేలు అంగుళం అంగుళం ముందుకి జరుగుతోంది, ఒక కుట్టు మీంచి ఇంకో కుట్టు మీదికి.